డబ్బీ మీద ఊద్, లోపల ఏముంది?

ఉమ్రా నుంచి, గల్ఫ్ దేశాల నుంచి తిరిగి వచ్చేవారు ఖర్జూరం, జమ్‌జమ్ నీళ్ళతో పాటు ఇప్పుడు మూడో వస్తువు కూడా తెస్తున్నారు. బంగారు రంగు చిన్న డబ్బీ, దాని మీద అరబీ అక్షరాలు, లోపల నల్లటి చెక్క ముక్కలు. తుకుంలోని మా దవాఖానాకు నబ్జ్ చూపించుకోవడానికి వచ్చేవారిలో కొందరు ముందుగా ఆ డబ్బీ తీసి బల్ల మీద పెట్టి, "హకీం సాబ్, ఇది అసలైన ఊదేనా?" అని అడుగుతున్నారు. జ్వరం సంగతి ఆ తర్వాత చెబుతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్ళలో ఊద్ అనే పేరుతో కాలుతున్న దానిలో ఎక్కువ భాగం ఊద్ కాదు. అసలైనది దొరికినా అది రోజూ గది నిండా వేసుకునే పొగ కాదు. దాన్ని మందు అనుకుని పిల్లల గదిలో వేయడమైతే పూర్తిగా మానుకోవాలి. ఇందులో మొదటి విషయం జేబుకు సంబంధించింది. మిగతా రెండూ ఊపిరికి సంబంధించినవి.

ఈ గందరగోళంలో సగం మాటలోనే ఉంది. అరబీలో ఊద్ అంటే కర్ర, చెక్క అని అర్థం. సువాసన ఇచ్చే అగరు చెక్కకు ఆ పేరు స్థిరపడింది. మన తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట విస్తరించింది. తెలంగాణ పల్లెల్లో "ఊదు వేయడం" అంటే నిప్పుల మీద లోబాన్ చల్లడం. దర్గాల దగ్గర, పీర్ల చావిళ్ళ దగ్గర, గురువారం సాయంత్రం మన అమ్మమ్మలు నాయనమ్మలు ఇంట్లో వేసిన ఊదు చాలావరకు ఇదే. లోబాన్ అనేది వేరే చెట్టు బంక. తెలుగువారు దాన్నే సాంబ్రాణి అంటారు. ఇక ఊదుబత్తి అనే మాటలో ఊదు ఉంది, అగరుబత్తి అనే మాటలో అగరు ఉంది. బజారులో దొరికే మామూలు బత్తిలో మాత్రం రెండూ ఉండవు. వెదురు పుల్ల, బొగ్గు పొడి, రంపపు పొట్టు, అతుక్కోవడానికి జిగట్ పొడి, పైన సెంటు. అంతే. బఖూర్ అని అమ్మేది మరొకటి. చెక్క పొడిలో చక్కెర పాకమో బంకో, గంధమో, అత్తరో కలిపి చేసిన ముద్ద అది. మంచి బఖూర్ మంచిదే, కానీ అది ఊద్ చెక్క కాదు. కాబట్టి ఎవరైనా "ఊద్ తెచ్చాం" అంటే, ఏ ఊద్ అని అడగడం తప్పు కాదు.

అసలు అగరు ఎలా పుడుతుందో తెలిస్తే ధర ఎందుకంతో, మోసం ఎందుకంతో తెలుస్తుంది. అక్విలేరియా జాతి చెట్లు అస్సాం, త్రిపుర మొదలుకొని తూర్పు ఆసియా దాకా పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కలప తెల్లగా, తేలికగా ఉంటుంది, ఏ వాసనా ఉండదు. చెట్టుకు గాయమై, కొన్నిసార్లు పురుగు తొలిచి, ఆ దారిలో బూజు లోపలికి వెళితే చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఒక జిగురును ఊరిస్తుంది. ఏళ్ళ తరబడి ఆ జిగురు పట్టిన భాగమే ఊద్. అంటే చెట్టు జబ్బుకు చెట్టే తయారు చేసుకున్న మందు. మా హకీములకు ఈ సంగతి ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

అడవిలో ఏ చెట్టుకు జిగురు పట్టిందో నరికితే గానీ తెలియదు. అలా నరికీ నరికీ మన ఈశాన్య రాష్ట్రాల అగరు చెట్టు అడవిలో దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది. ఇప్పుడు తోటలు వేసి, మానుకు రంధ్రాలు చేసి, బూజు ఎక్కించి జిగురు పుట్టిస్తున్నారు. అస్సాంలోని హోజాయి పట్టణం ఈ వ్యాపారానికి పేరు పొందింది. మనవాళ్ళు దుబాయిలో కొని తెచ్చే ముక్క హోజాయి నుంచే అక్కడికి వెళ్ళి ఉండవచ్చు. మన దేశపు సరుకుకు విమానం ఛార్జీ కూడా కట్టి వెనక్కి తెచ్చుకుంటున్నామన్న మాట.

తోట ఊద్ తక్కువదేమీ కాదు. నకిలీ అంటే అది కాదు. జిగురు పట్టని తెల్ల చెక్కకు, లేదా సంబంధం లేని మరో చెక్కకు నల్ల రంగు, సెంటు నూనె పట్టించి అమ్మేదే నకిలీ. వ్యాపారుల భాషలో దానికి "బ్లాక్ మ్యాజిక్ వుడ్" అనే ముద్దుపేరు కూడా ఉంది.

ఏడు రోగాల మాట

ఇక అసలు విషయానికి వస్తాను. కొన్ని డబ్బీల మీద, వాటితో వచ్చే కాగితాల మీద ఊద్-ఎ-హిందీలో ఏడు వ్యాధులకు షిఫా ఉందని ముద్రిస్తున్నారు. ఆ హదీసు ఉంది. సహీహ్ బుఖారీ వైద్య అధ్యాయంలో ఉమ్మె ఖైస్ బిన్తె మిహ్‌సన్ (రజి) ద్వారా వచ్చింది. అయితే అక్కడ చెప్పిన ఊద్-ఎ-హిందీ మనం నిప్పుల మీద వేసే అగరు కాదు. అది ఖుస్త్. ఆ ఉల్లేఖనాల్లోనే ఆ వివరణ ఉంది, ఇమాం బుఖారీ దాన్ని ఖుస్త్ శీర్షిక కిందే పెట్టారు. ఖుస్త్ అంటే కశ్మీరు కొండల్లో పెరిగే ఒక మొక్క వేరు. తెలుగు పచారీ కొట్టులో చెంగల్వ కోష్టు అంటే ఇస్తారు. అక్కడ చెప్పిన వాడకం కూడా గొంతు నొప్పికి ముక్కులో వేయడం, పక్కటెముకల నొప్పికి నోటి ఒక పక్క నుంచి ఇవ్వడం. పొగ ప్రస్తావన లేదు. (ఇది చదివి ఎవరూ పిల్లల ముక్కులో కోష్టు పొడి వేయకండి. దానికి మోతాదు ఉంది, పద్ధతి ఉంది.)

అగరు చెక్కకు హదీసుల్లో వేరే పేరు ఉంది, అలువ్వా. సహీహ్ ముస్లింలో ఇబ్నె ఉమర్ (రజి) అలువ్వాను ఒక్కోసారి ఏమీ కలపకుండా, ఒక్కోసారి కర్పూరం చేర్చి ధూపం వేసుకునేవారని ఉంది. అక్కడ అది సువాసన. మందు కాదు. సువాసనకు మన దీన్‌లో ఉన్న గౌరవం చాలు, దానికి లేని వైద్యాన్ని అంటగట్టనవసరం లేదు.

పేర్లు కలిసిపోతే ఏమిటి నష్టం అంటారేమో. పోయిన చలికాలం ఒక దాదీమా ఏడేళ్ళ మనవణ్ణి తీసుకొచ్చారు. పిల్లవాడి ఛాతీలో పిల్లికూతలు బయటికే వినిపిస్తున్నాయి.

"డాక్టరు పంపు ఇచ్చాడు హకీం సాబ్. వారం బాగుంటాడు, మళ్ళీ అంతే. మీరైనా ఏదన్నా మాజూన్ ఇవ్వండి" అన్నారు ఆమె.

"ఇంట్లో పొగ ఏమైనా పెడుతున్నారా ఆపా?"

"చెడ్డ పొగ కాదండీ, ఊద్. రోజూ మగ్రిబ్ తర్వాత వీడి గదిలోనే వేస్తున్నా. ఏడు రోగాలకు షిఫా అని డబ్బీ మీదే రాసుంది కదా."

చలి వల్ల కిటికీలు మూసి ఉన్నాయి. పిల్లవాడికి ఆయాసం ఎక్కువైనకొద్దీ ఆమె ఊద్ ఎక్కువ వేస్తున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు. నేను మాజూన్ ఇవ్వలేదు. పంపు డాక్టరు చెప్పినట్టే వాడాలని, ఊదుదాని మాత్రం ఆ గదిలోకే కాదు, ఇంట్లోకే రాకూడదని చెప్పాను. ఆ డబ్బీ తెప్పించి చూస్తే తడి దూదికి నల్లరంగు అంటుకుంది. అది ఊద్ కూడా కాదు. అసలైన ఊద్ అయినా ఆ పిల్లవాడికి నేను అదే మాట చెప్పేవాణ్ణి. పొగ ఆగాక వాడు రాత్రిళ్ళు నిద్రపోతున్నాడని ఆమె కబురు పంపారు. పంపు ఇంకా వాడుతూనే ఉన్నాడు, వాడాలి కూడా.

ఒమాన్ దేశంలో ఇంటింటా ధూపం వేస్తారు. అక్కడి ఉబ్బసం పిల్లల మీద 2009లో వెలువడిన ఒక పరిశోధన చెప్పిందేమిటంటే, ధూపం ఉబ్బసాన్ని కొత్తగా పుట్టిస్తుందని తేలలేదు గానీ, ఉన్నవారికి ఆయాసాన్ని మాత్రం రేపుతోంది. యునానీకి ఇది కొత్త సంగతి కాదు. జీఖున్నఫస్, అంటే ఉబ్బసం ఉన్నవారిని పొగకు, దుమ్ముకు దూరంగా ఉంచడమే మొదటి పరహేజు.

యునానీలో ధూనీకి చోటు లేదని నేను అనడం లేదు. ఉంది. ఊద్‌ను మా గ్రంథాలు గరం, ఖుష్క్ మిజాజ్ గల వస్తువుగా లెక్కించి, గుండెకు, దిమాగ్‌కు, మేదాకు బలం ఇస్తుందని చెప్పాయి. కడుపు బలహీనతకు ఇచ్చే జవారిష్ ఊద్ షీరీన్, జవారిష్ ఊద్ తుర్ష్ మీలో చాలామంది తిన్నవే. అయితే అందులో వేసేది శుద్ధమైన చెక్క, తూకం ప్రకారం, తినడానికి. దాని గుణాలను తీసుకొచ్చి డబ్బీ చెక్క పొగకు అంటించడం కుదరదు. ఈ మధ్య కొందరు ఆ చెక్క ముక్కలను నీళ్ళలో మరిగించి తాగుతున్నారట. సెంటు నూనె పట్టించిన చెక్క కషాయం తాగడం అంటే సెంటు తాగడమే. దయచేసి ఆ పని చేయకండి.

చెక్కను ఎలా చూడాలి

సరే, ఇంట్లో ఉబ్బసం వాళ్ళు ఎవరూ లేరు, ఈద్‌కో నికాహ్‌కో కొంచెం మంచి ఊద్ కావాలి. హైదరాబాదులో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాలకు వెళతారు. మా చంద్రపూర్ వాళ్ళకు బల్లార్షా మీదుగా రైలు ఉంది కాబట్టి మేమూ అక్కడికే వెళతాం. లేదా బంధువులు ఎవరో తెస్తారు. ఎలా తెలుసుకోవాలి?

అందరూ చెప్పేది నీటి పరీక్ష. మునిగితే అసలు, తేలితే నకిలీ అని. మునిగే ఊద్‌ను మేము ఊద్-ఎ-గర్ఖీ అంటాం, జిగురు బాగా పట్టి బరువెక్కింది కనుక అది మేలైనదే. కానీ ఈ పరీక్ష మనకంటే ముందు మోసగాడికి తెలుసు. చెక్కలోకి బరువు ఎక్కించి ముంచడం అతనికి కష్టమేమీ కాదు. మరోవైపు మధ్యతరగతి ఇళ్ళు కొనగలిగే నిజమైన ముక్కలు చాలావరకు తేలేవే. తేలింది కాబట్టి పారేయకండి, మునిగింది కాబట్టి మురిసిపోకండి.

నేను మొదట చూసేది రంగు. జిగురు చెక్క అంతటా సమానంగా పట్టదు. లేత గోధుమరంగు చెక్కలో ముదురు గీతలు, మచ్చలు, ఒక చోట దట్టంగా, ఒక చోట పలచగా ఉంటాయి. ముక్కలన్నీ ఒకే నలుపు, ఒకే నిగనిగ అయితే అనుమానించండి. ఒక ముక్కను చాకుతో చీల్చండి. పైన నలుపు, లోపల తెలుపు అయితే అది పూత. తర్వాత తడి చేసిన తెల్ల దూదితో గట్టిగా రుద్దండి, రంగు రాకూడదు. దుకాణదారుడు దీనికి ఒప్పుకోకపోతే నమస్తే చెప్పి బయటికి రండి.

తర్వాత ముక్కు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డబ్బీ మూత తీయగానే గది అంతా గుప్పుమంటే "వాహ్" అంటారు. నిజమైన చెక్క చల్లగా ఉన్నప్పుడు అంత వాసన ఇవ్వదు. ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే సన్నగా, తియ్యగా, కొంచెం చేదుగా తెలుస్తుంది. దాని వాసన వేడికి బయటికి వస్తుంది. చల్లటి చెక్క గులాబీలా, మల్లెలా గుప్పుమంటోందంటే దానికి పూసిన సెంటును మెచ్చుకుంటున్నామన్న మాట.

ఆఖరి తీర్పు నిప్పుదే. కందిగింజంత ముక్క చాలు. మంట మీద కాదు, సెగ మీద పెట్టాలి. మంచి చెక్క మీద జిగురు కరిగి సన్నటి నురగలా బుడగలు కడుతుంది. పొగ పలచగా, తెలుపు నీలం కలిసిన రంగులో లేస్తుంది. వాసన మెల్లగా మారుతూ పోతుందే గానీ మధ్యలో తెగిపోదు. చివర్లో మాత్రమే మామూలు కాలిన చెక్క వాసన వస్తుంది, అప్పుడు తీసేయాలి. నకిలీ అయితే మొదటి నిమిషం సెంటు ఘుమఘుమ, రెండో నిమిషం ప్లాస్టిక్ కాలినట్టు ఘాటు, కళ్ళలో మంట, గొంతులో దురద. పొగ నల్లగా ఉంటే ఇక అడగనే అక్కర్లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఖజానాలో ఉంచదగిన విలువైన వస్తువుల్లో అగరును చేర్చి దాని లక్షణాలు చెప్పింది. బరువు, జిడ్డు, నిప్పుకు తట్టుకోవడం, కాలుతున్నంతసేపూ వాసన ఒకేలా ఉండటం. అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో సుగంధాల అధ్యాయంలో ఊద్ రకాలను పేరు పేరునా రాశాడు. చక్రవర్తుల ఖజానా వాళ్ళే ఇంతగా తరచి చూసుకుంటే, నెలజీతం మీద బతికే మనం డబ్బీ మీది అక్షరాలు చూసి కొనేస్తే ఎలా?

మరుసటి రోజు ఇంకో గుర్తు. మంచి ఊద్ పొగ పట్టిన షేర్వానీలో, దుపట్టాలో వాసన మర్నాటికీ మృదువుగా ఉంటుంది. నకిలీ అయితే పాసిపోయిన తీపి వాసన, కొందరికి తలనొప్పి. అయితే తలనొప్పి ఒక్కటే రుజువు కాదు. గరం మిజాజ్ వారికి అసలైన ఊద్ పొగ కూడా తల బరువెక్కిస్తుంది.

ఇలా పరీక్షించడానికి కొద్దిగానే కొనండి. తులం కొనే ముందు ఒక గ్రాము తెచ్చి ఇంట్లో కాల్చి చూడండి. దుకాణంలో అన్ని వాసనల మధ్య ఎవరి ముక్కూ సరిగా పనిచేయదు, నాది కూడా.

కాల్చే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి చెక్కను తప్పుగా కాల్చి నకిలీ అనుకునేవారూ ఉన్నారు. అగ్గిపుల్ల చూపగానే చిటపటమని రాజుకునే గుండ్రటి బొగ్గు బిళ్ళలు వస్తున్నాయి. త్వరగా అంటుకోవడానికి వాటిలో సురేకారం లాంటివి కలుపుతారు. రాజుకునేటప్పుడు వచ్చే ఆ ఘాటు పొగను ఊద్ వాసన అనుకోకండి. బిళ్ళను ఆరుబయట వెలిగించి, పూర్తిగా తెల్లటి బూడిద కమ్మాక లోపలికి తేవాలి. దాని మీద కొంచెం బూడిద కప్పి, వీలైతే అభ్రకం రేకు వేసి, అప్పుడు ముక్క పెట్టాలి. నేరుగా ఎర్రటి నిప్పు మీద వేస్తే రెండు నిమిషాల్లో మాడిపోతుంది. వేడి తగ్గించుకునే వీలున్న కరెంటు ఊదుదాని అన్నిటికంటే మేలు, పాతకాలం వాళ్ళకు నచ్చకపోయినా సరే.

బొగ్గు గురించి ఒక హెచ్చరిక. మూసిన గదిలో నిప్పులు పెట్టి పడుకోకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఊద్ పరిమళంలో అది ఉన్న సంగతి అసలే తెలియదు.

మా ఊరి గాలి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. తుకుం పక్కనే దుర్గాపూర్ బొగ్గు గని, థర్మల్ విద్యుత్ కేంద్రం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అత్యంత కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో చంద్రపూర్‌ను పెట్టింది. రామగుండం, మందమర్రి, కొత్తగూడెంలో ఉన్న పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు, పొద్దున మేడ మీద ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో వారికి తెలుసు. బయట ఇంత పొగ మింగే ఊళ్ళలో ఇంట్లోనూ రోజూ పొగ వేసుకోవడం నాకు సమ్మతం కాదు. అసలైనదైనా పొగ పొగే. జుమా రోజు, ఈద్ రోజు, అతిథులు వచ్చిన రోజు ఒక చిన్న ముక్క, కిటికీ తెరిచి, పావుగంట చాలు. బట్టలకు పట్టించి ఊదుదాని తీసేయండి. గర్భిణులు, పాలుతాగే పిల్లలు, దగ్గు ఆయాసం ఉన్న పెద్దలు ఆ గదిలో ఉండకూడదు. అలాంటి వారున్న ఇంట్లో జుమాకు బట్టల మీద ఒక చుక్క అత్తరు రాసుకుంటే సరిపోతుంది. ఆయాసం ఉన్నవారికి దగ్గరగా అది కూడా వద్దు.

"రోజూ లోబాన్ వేసిన మా నానీ తొంభై ఏళ్ళు బతికింది" అని నాతో వాదించేవారు ఉన్నారు. ఆమె ఇంటికి పెంకుల కప్పు, నాలుగు వైపులా సందులు, నడుమ వాకిలి. పొగ వచ్చిన దారినే పోయేది. ఇప్పటి మన రెండు గదుల ఫ్లాటులో అద్దాల కిటికీలు బిగించి అదే పొగ వేస్తే అది ఎక్కడికి పోతుంది?

ఇప్పటికే డబ్బీలు కొని పెట్టుకున్నవారు వాటిని ఏం చేయాలని అడుగుతున్నారు. తడి దూదికి రంగు అంటితే, నిప్పు మీద ఘాటు వస్తే ఇక కాల్చకండి. ఎవరికీ తోహ్ఫాగా కూడా ఇవ్వకండి, వాళ్ళ ఇంట్లోనూ పిల్లలు ఉంటారు. పరీక్షలో నిలిచిన ముక్కలైతే గాజు సీసాలో, బిగుతైన మూత పెట్టి, అత్తర్లకు, వంటింటి మసాలాలకు దూరంగా ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు. ఎండ తగలకుండా ఉంటే ఏళ్ళ తరబడి చెడిపోదు.